పెరటి చెట్టు – పప్పు పురుగు – ఊరపిచ్చుక

మా జంతుశాస్త్ర విభాగంలో చివరి సంవత్సరం వాళ్ళు ప్రాజెక్టు రాయాలి. ఈ ఏడు నోటీసు బోర్డు మీద అంటించిన జాబితాలో రెండు శీర్షికలు పక్కపక్కనే వున్నాయి. ఒకటి, "నిల్వ ధాన్యపు కీటకాలపై వృక్ష తైలాల ప్రభావం". రెండవది, "పట్టణాల పెరుగుదల – పక్షులపై దాని ప్రభావం". మొదటి జట్టు వాళ్ళు పగలంతా ప్రయోగశాలలో గాజు గిన్నెల ముందు కూర్చుని చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టారు. రెండవ జట్టు వాళ్ళు తెల్లవారకముందే లేచి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో బ్రతికున్న పిట్టల్ని లెక్కపెట్టారు. ఒకరి లెక్కతో మరొకరికి పని లేదు. చివరకు రెండు పుస్తకాలూ నల్ల అట్ట, బంగారు అక్షరాలతో బైండయి ఒకే బీరువాలోకి పోతాయి. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర వుందో అటెండరు గారికి కూడా తెలియదు.

నేను మొదటి జట్టులో వాణ్ణి. పురుగుల్ని బాగానే చంపాను, మార్కులూ బాగానే వచ్చాయి. అయితే సంక్రాంతి సెలవుల్లో పుంగనూరు దగ్గర మా వూరికి పోయినప్పుడు మా అవ్వ అన్న రెండు మాటలు నా ప్రాజెక్టు మొత్తాన్ని తలకిందులు చేశాయి. ఆ రెండు శీర్షికలూ నిజానికి ఒకే ఇంటి కథ, ఇంకా చెప్పాలంటే ఒకే చెట్టు కథ అని అప్పుడు తెలిసింది. వాటిని విడదీసి చదవడం వల్లనే రెండింటినీ పోగొట్టుకుంటున్నాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అంతే.

మొదటి మాట నూనె గురించి. కిలో అలసందలకు ఇన్ని మిల్లీలీటర్ల వేపనూనె పట్టిస్తే ఇన్ని రోజుల్లో ఇన్ని పురుగులు చచ్చాయని నేను గొప్పగా చెబుతుంటే, అవ్వ తమలపాకు మడుస్తూ విని, "ముందు ఎండ, తర్వాత నూనె నాయనా. పురుగు లోపలికి పోయినంక పైన నూనె రాస్తే ఏమొస్తాది?" అంది. నా నూట పది పేజీల సారాంశం ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ ముక్క వెనుక శాస్త్రం చూడండి. కందులు, పెసలు, అలసందలు, అనపగింజల్ని తొలిచే పప్పు పురుగు తన గుడ్డును గింజ పైన అతికిస్తుంది. గింజ మీద సున్నపు చుక్కలా తెల్లగా కనిపించేది అదే. గుడ్డు నుంచి పుట్టిన పిల్లపురుగు అక్కణ్ణుంచే గింజలోకి తొలుచుకుని పోయి, లోపలి పప్పు తిని, నెల తిరిగేసరికి గుండ్రటి కిటికీ కోసుకుని పెద్ద పురుగై బయటికి వస్తుంది. ఒక ఆడపురుగు ఎనభై గుడ్లు పెట్టిందనుకుందాం. పుట్టినవాటిలో సగం ఆడవనుకుంటే, కాగితం మీద లెక్క మూడో తరానికి లక్ష దాటుతుంది. మూడు తరాలంటే సుమారు మూడు నెలలే. పైగా ఈ పురుగు మన ఇంట్లో పుట్టింది కాదు. చేలో కాయ పండుతుండగానే గుడ్లు పెట్టి, గింజతో పాటు బండెక్కి వస్తుంది.

నూనె ఏం చేస్తుంది? గింజ చుట్టూ పలుచటి పొరగా పట్టి గుడ్డుకు గాలి ఆడనివ్వదు. గుడ్డులోనే పిల్ల చస్తుంది. నూనె జిడ్డుకు తల్లిపురుగు గుడ్లు పెట్టడం కూడా తగ్గుతుంది. అంతేగాని గింజ లోపల అప్పటికే కాపురం పెట్టిన పురుగు జోలికి నూనె దాదాపు పోలేదు. అందుకే ముందు ఎండ! మండుటెండలో పలుచగా ఆరబోస్తే తేమ తగ్గుతుంది, పెద్ద పురుగులు పారిపోతాయి, లోపలివి కూడా చాలావరకు చస్తాయి. ఆ వెంటనే నూనె పట్టించి కుండ మూతికి గుడ్డ కట్టాలి. ఆఫ్రికాలో అలసందలు తినే దేశాల కోసం నైజీరియాలోని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 1978లో ప్రకటించిన ఫలితం కూడా ఇదే. కిలో అలసందలకు 5 మిల్లీలీటర్ల వేరుశెనగ నూనె పట్టిస్తే నెలల తరబడి పప్పు పురుగు అదుపులో వుందని తేల్చారు. అయిదు మిల్లీలీటర్లంటే ఒక టీచెంచా. చెనిక్కాయలు పండించే మన పడమటి మండలాలకు ఇంతకన్నా సులువైన మందు ఏముంది?

మన ఇళ్ళలో కందిపప్పుకు ఆముదం పట్టించడం, కందులకు ఎర్రమట్టి పూయడం, విత్తనపు గింజల్లో బూడిద కలపడం, గాదెలో వేపాకు, వావిలాకు పరచడం తరతరాలుగా వున్నదే. గింజ కన్నా పప్పు తక్కువగా పుచ్చుతుందని తెలిసి కందుల్ని త్వరగా విసిరి పప్పు చేసుకునేవారు. రాగులను పాతరలో వేసి ఏళ్ళ తరబడి కరువుకు దాచేవారు. గింజ మరీ చిన్నది కావడంతో రాగిని పురుగు పెద్దగా ముట్టదు. మూత బిగించిన పాతరలో ప్రాణవాయువు తరిగిపోయి వున్న పురుగూ బ్రతకదు. అందుకే పాతర తెరిచిన వెంటనే మనిషి దిగకూడదని, ముందు దీపం దించి అది ఆరిపోతుందా లేదా చూడాలని పెద్దలు పెట్టిన నియమం వట్టి మూఢనమ్మకం కాదు, రసాయన శాస్త్రం.

ఇంతమాత్రాన నూనె సర్వరోగనివారిణి అని నేననడం లేదు. ఇక్కడే మన ప్రాజెక్టు పుస్తకాలు కాస్త మోసం చేస్తున్నాయి. బియ్యంలో తిరిగే ముక్కు పురుగు పప్పు పురుగులాగ గుడ్డును పైన అంటించదు. గింజకు తన ముక్కుతో చిల్లి పొడిచి, గుడ్డు లోపల పెట్టి, పైన మూత వేస్తుంది. అక్కడ నూనె ఆట అంతగా సాగదు. వేపనూనె, కానుగ నూనె విత్తనానికి పనికొస్తాయి గాని తినే పప్పుకు పనికిరావు. ఒకటి చేదు, రెండవది అసలు తినే నూనే కాదు. తినే పప్పుకు ఆముదమో చెనిక్కాయల నూనెనో పట్టించి, వండేముందు బాగా కడుక్కోవాలి. నూనె మోతాదు మించితే విత్తనం మొలకే దెబ్బ తింటుంది. వస, తులసి, నీలగిరి వంటి వాటి నుంచి తీసే ఆవిరయ్యే తైలాలు వాసనతోనే పురుగును చంపుతాయి. కాని మూత తీస్తే వాసనతో పాటు గుణమూ ఎగిరిపోతుంది. మూసిన గాజు గిన్నెలో నూటికి నూరు చచ్చాయని రాసుకుని సంతోషించే మనం, ఆ ఫలితం మట్టికుండలో నిలుస్తుందా అని అడగడం లేదు.

ఇంకో చిన్న లెక్క. పది కిలోల కందులకు 50 మిల్లీలీటర్ల నూనె చాలు, ఏ ఇంట్లోనైనా వుంటుంది. నూరు కిలోల బస్తాకు అర లీటరు కావాలి. అయిదు వందల బస్తాల గోడౌనుకు 250 లీటర్లు! ఏ వ్యాపారి పోస్తాడు? పోసినా గింజ గింజకూ ఎవరు పట్టిస్తారు? కాబట్టి నూనె గోడౌను మందు కాదు, ఇంటి మందు. కుండకు, విత్తనానికి, చిన్న రైతుకు పనికొచ్చే మందు. ఈ తేడా ఒప్పుకుంటే నూనె విలువ తగ్గదు, దాని చోటు తెలుస్తుంది.

గోడౌనులో ఏం వాడుతున్నారో అందరికీ తెలుసు. ఒక కాలంలో డి.డి.టి., గమాక్సిన్ పొడి చల్లారు. కొండ నాలుకకు మందేస్తే వున్న నాలుక ఊడినట్లు, ఆ విషం గింజ నుంచి పురుగులోకి, పురుగు నుంచి పిట్టలోకి ఎక్కింది. 1962లో రేచెల్ కార్సన్ "సైలెంట్ స్ప్రింగ్" రాసింది ఈ బాధతోనే. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి.ని 1989లో, గమాక్సిన్ జాతి పొడిని 1997లో నిషేధించారు. ఇప్పుడున్నది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ. పద్ధతి తెలిసిన వాళ్ళు గుడారం కప్పి వాడితే పనికొచ్చేదే. కాని దానికి లొంగని పురుగులు పుట్టుకొస్తున్నాయని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1972–73 సర్వేలోనే బయటపడింది. ఆ బిళ్ళను తెలియక పడుకునే గదిలో బియ్యపు మూట పక్కన పెట్టడం సాక్షాత్తు ప్రాణాపాయం. మందు కలిపిన విత్తనాలు తిని చేలల్లో నెమళ్ళు, గువ్వలు చనిపోవడం మనం పేపర్లలో చదువుతూనే వున్నాం.

ఇక అవ్వ అన్న రెండవ మాట. "మీ స్నేహితులు పిచ్చికలు యాడికి పోయినాయని వీధి వీధీ వెతుకుతాండారా? చాటలో చెరిగేది ఇప్పుడు ఎవరింట్లో వుండాది? ప్యాకెట్టు కోస్తే నేరుగా కుక్కర్లోకే. ఇంక పిచ్చికలు దేనికొస్తాయి?"

నిజమే! పాత పెంకుటింట్లో వసారాలో కూర్చుని బియ్యం, రాగులు చెరుగుతుంటే నూకలు, పొట్టుతో పాటు ముక్కు పురుగులు, పిండి పురుగులు, వాటి పిల్లలు వాకిట్లో పడేవి. పిచ్చుకలకు అదే అంగడి. గింజలు తినే పిట్టే అయినా, కూనలకు తొలి రోజుల్లో మెత్తటి పురుగులే పెడుతుంది. మిద్దె మీద కందులు ఆరబోస్తే పారిపోయే పురుగును గోరింక పట్టుకునేది. వాసాల సందులో, దేవుడి పటం వెనకాల పిచ్చుక గూడు పెట్టేది. అంటే గాదె, ఎండ, నూనె, చాట, పిచ్చుక – ఇవన్నీ కలిసి ఒకే ఏర్పాటు. మనం మాత్రం నూనెను ఒక ప్రాజెక్టుగా, పిచ్చుకను మరో ప్రాజెక్టుగా చీల్చాం.

పిచ్చుక గింజలు తింటుంది గదా, అది కూడా శత్రువే గదా అనే మిత్రులకు చైనా కథ చెప్పాలి. 1958లో అక్కడి ప్రభుత్వం ఈగ, దోమ, ఎలుకలతో పాటు పిచ్చుకను కూడా దేశశత్రువుగా ప్రకటించింది. జనం తప్పెట్లు, పళ్ళేలు మోగించి, కూర్చోనివ్వకుండా ఎగరగొట్టి అలసటతో చంపారు. తిన్న గింజలు లెక్కేసినవాళ్ళు తిన్న పురుగుల్ని లెక్కెయ్యలేదు. చేలో పురుగు పెరిగింది. 1960లో తప్పు తెలుసుకుని పిచ్చుక పేరు కొట్టేసి దాని చోట నల్లి పేరు చేర్చారు. ఆ నాటి ఘోర క్షామానికి కారణాలు చాలా వున్నాయి. పిచ్చుకల వేట అందులో ఒకటిగా చరిత్రకెక్కింది.

ఇప్పుడు చెట్టు సంగతి. జ్యేష్ఠ, ఆషాఢాల్లో వేప పండుతుంది. ఆ పండు కోసం కోయిలలు, గోరింకలు, పికిలిపిట్టలు, చిలుకలు, కాకులు, రాత్రిపూట గబ్బిలాలు వస్తాయి. గుజ్జు తిని గింజను శుభ్రం చేసి కింద పడేస్తాయి. ఆ గింజల్నే ఆడవాళ్ళు ఏరి ఎండబెట్టి అమ్ముతారు. అవే గానుగకు పోయి వేపనూనె అవుతాయి. గట్ల మీద, కంచెల్లో ఎవరూ నాటకుండా మొలిచిన వేపచెట్లు చాలావరకు పక్షులు నాటినవే. అంటే నా ప్రాజెక్టులో సీసాలో వున్న నూనె నా మిత్రుల ప్రాజెక్టులోని పిట్ట చలవ! పిట్ట వేపను నాటింది, వేప నూనె ఇచ్చింది, నూనె విత్తనాన్ని కాపాడింది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మిగతావి నిలవవు.

పెరటి చెట్టు మందుకు రాదని సామెత. సూడాన్‌లో 1959లో మిడతల దండు వచ్చి పచ్చని ఆకన్నదల్లా తినేసి వేపను మాత్రం ముట్టకపోవడం ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చూశాడు. అందులోని అసలు సారమైన అజాడిరాక్టిన్‌ను 1968లో ఇంగ్లండులో వేరు చేశారు. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతికి 1994లో ఐరోపాలో ఒక అమెరికా కంపెనీకీ, ఆ దేశ వ్యవసాయ శాఖకూ కలిపి పేటెంటు ఇచ్చారు. ఇది భారతదేశంలో అందరికీ తెలిసిన విద్యేనని పోరాడితే 2000లో దాన్ని రద్దు చేశారు, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. బయటివాడు పేటెంటు అడిగితే మనకు రోషం వచ్చింది. మంచిదే. మరి అదే చెట్టును రోడ్డు వెడల్పు కోసం మనమే గొడ్డలితో కొడుతుంటే ఆ రోషం ఏమైపోతోంది?

మన మూడు ఊళ్ళ పరిస్థితి చూద్దాం. మదనపల్లె చుట్టూ ఒకప్పుడు రాగి, చెనిక్కాయ, కంది, అనప పండిన చేలల్లో చాలావాటిలోకి టమోటా వచ్చింది. టమోటా కాయకు గాదె అక్కర్లేదు. పొద్దున కోసి మార్కెట్టుకు తోలి డబ్బు తెచ్చుకోవడమే. ఆ డబ్బుతో బియ్యం, పప్పు అంగట్లో కొనడమే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటి ముద్ద కూడా వెనక్కి తగ్గింది. పేదవాడి కడుపు నిండింది, దాన్ని తప్పు పట్టేవాణ్ణి కాను. కాని ఇంట్లో గింజ దాచే అవసరం పోయిన రోజే దాన్ని కాపాడే విద్య కూడా పోవడం మొదలైంది. పుంగనూరులో ఊరి చుట్టూ బీళ్ళు ప్లాట్లయ్యాయి. బీడు అంటే మనకు ఖాళీ జాగా. నేల మీద గుడ్లు పెట్టే తీతువుకు, పూరేడుకు అదే పురిటిల్లు. మోటబావులు పూడ్చేశాక బావి మీదికి వంగిన తుమ్మకొమ్మ లేదు, దానికి వేలాడే గిజిగాడి గూడూ లేదు. కుప్పం రాయికి దేశవిదేశాల్లో "కుప్పం గ్రీన్" అని గిరాకీ వుంది. కాని బండలు, పొదలు కలిసిన గుట్టల్నే నమ్ముకుని బ్రతికే పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. హార్సిలీ కొండల దగ్గర అది కనిపిస్తుంది. గుట్ట ముక్కలై లారీ ఎక్కితే మళ్ళీ గుట్ట మొలవదు.

పట్నం పెరగొద్దా, మేము పల్లెల్లోనే పడి వుండాలా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా అవ్వకు కాన్పు కష్టమైనప్పుడు ఆస్పత్రికి ఎద్దులబండి మీద ఒక రాత్రంతా పోయారట. నేను బస్సెక్కి కాలేజీకి వచ్చాను. నాకు రోడ్డూ కావాలి, ఆస్పత్రీ కావాలి. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పిచ్చుక దేశం నుంచి మాయమైపోయిందని మనం పెట్టే గగ్గోలు పూర్తిగా సరికాదు. 2020లో వెలువడిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగా వుంది, తగ్గింది పెద్ద నగరాల్లోనే. అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పాలకు ఇంకా సమయం మించిపోలేదు. ఇవి బెంగుళూరు కాలేదు, కాబోతున్నాయి. పట్నం పెరిగితే పిట్టలన్నీ పోతాయనుకోవడమూ పొరపాటే. పావురాలు, కాకులు బాగానే పెరుగుతాయి. పోయేవి రకాలు. పురుగులు తినేవి, నేల మీద గుడ్లు పెట్టేవి, ముసలి చెట్టు తొర్రలో కాపురముండేవి ఒక్కొక్కటే తప్పుకుంటాయి. చప్పుడు తగ్గదు కాబట్టి మనకు తెలియదు.

దారి లేదా? మదనపల్లెకు కూతవేటు దూరంలోనే వుంది. రిషివ్యాలీ ఒకప్పుడు ఎండిన లోయ. ఏళ్ళ తరబడి చెట్లు నాటి, మేతను అదుపు చేసి, వాననీటిని నిలిపితే పిట్టలు తిరిగి వచ్చాయి. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించుకున్నారు. అక్కడి పక్షుల గురించి, వాటి నెలవులు తిరిగి ఎలా పచ్చబడ్డాయో వివరిస్తూ రంగస్వామి, శ్రీధర్ గార్లు 1993లో పుస్తకమే రాశారు. దీనికి వాళ్ళు వాడిన యంత్రాలేమీ లేవు. ఓపిక, నోటుబుక్కు, చెట్టు.

మన దగ్గర నోటుబుక్కులకు కొదవ లేదు. చెట్టు కూడా ఒకటుంది, ఇప్పటికైతే. హాస్టలు వెనకాల ముసలి వేపను అందరూ ఎరుగుదురు. పరీక్షల ముందు దాని నీడన చదవని బ్యాచి లేదు. దాని తొర్రలో గుడ్లగూబ జంట వుంది. మెస్సు స్టోరు చుట్టూ ఎలుకల్ని జీతం లేకుండా పట్టేది అవే. కొత్త వాహనాల షెడ్డు ప్లానులో ఆ చెట్టు లేదని విన్నాను. బదులుగా డివైడర్ల మీద నాటే కోనోకార్పస్ మొక్కలు వరసగా వేస్తారట. పచ్చగానే వుంటాయి. కాని వేపపండు లాంటి పండు లేదు, తొర్ర లేదు, నూనె లేదు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అనుమతి కాగితం తెచ్చుకోవడం కష్టం కాకపోవచ్చు. షెడ్డును పది గజాలు పక్కకు జరపడం అంతకంటే సులువు. పెద్దలు, గురువులు ఆలోచించాలని నా విన్నపం.

తక్కిన పని విద్యార్థులది. మూడు సూచనలు చేస్తాను. ఒకటి, నూనెల జట్టు గాజు గిన్నెల నుంచి బయటికి రావాలి. మన మెస్సు స్టోరులోనే పది కిలోల కందులు ఎండబెట్టి, చెంచా లెక్కన చెనిక్కాయల నూనె పట్టించి ఒక డబ్బాలోనూ, పట్టించనివి మరో డబ్బాలోనూ వుంచి నెలనెలా చిల్లులు పడిన గింజలు లెక్కపెట్టాలి. పప్పు రుచి ఎలా వుందో భోంచేసేవాళ్ళే చెబుతారు. సాంబారులో తేలే పురుగు మీద జోకులు వేసినంత కాలం వేశాం, ఇక లెక్క వేద్దాం. రెండు, పిట్టల జట్టు ఒక్క ఏడాది లెక్కతో ఆగకూడదు. ఒక్క ఏడు లెక్క పెరిగిందీ చెప్పదు, తరిగిందీ చెప్పదు. మన దేశంలో 2013 నుంచి ఏటా ఫిబ్రవరిలో పెరటి పక్షుల గణన జరుగుతోంది. అదే రోజుల్లో, అదే వీధుల్లో, అదే వేళకు జూనియర్లు లెక్క కొనసాగించాలి. మూడు, సెలవులకు పోయే ప్రతివాడూ వాళ్ళ అవ్వనో తాతనో అడిగి, గింజ దాచే పద్ధతి ఒక్కటి రాసుకు రావాలి. అడగాల్సిన వాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు.

వచ్చే సంవత్సరం సావనీరులో ఈ పేజీలో నావంటి వాడి ఉపన్యాసం అక్కర్లేదు. ఒక పట్టిక అచ్చు వేస్తే చాలు. ఎన్ని కిలోల కందులు, ఎన్ని చెంచాల నూనె, ఎన్ని పుచ్చులు. ఏ వీధిలో ఎన్ని పిచ్చుకలు. దాని కింద ఒక్క వాక్యం: హాస్టలు వెనక వేపచెట్టు వుందా, లేదా.